ఎడమకి చివరిదాకా

పాతదాన్ని మంగళవారం
ఉలీసెస్ అనే కుర్రాడికి ఇచ్చేశాను.
మూడువందల డెబ్బై కిలోలు.
పద్నాలుగేళ్లు దాన్ని నేను నిలబెట్టాను,
మొన్న చలికాలం రియో మాయో దగ్గర కంకరలో
అది నన్ను పడుకోబెట్టింది.
దెబ్బేం తగల్లేదు.
లేపలేకపోయాను, అంతే.
గొర్రెల లారీ వచ్చేదాకా నలభై నిమిషాలు
దాని పక్కనే చతికిలబడి
పటగోనియా గాలి తిట్టిన తిట్లన్నీ తిన్నాను.

తాళంచెవి ఇస్తూ కుర్రాడికి ఒకటే చెప్పాను:
చలికి రెండో గేరు మొండికేస్తుంది,
బతిమాలుకో, తన్నకు.

కొత్తది సన్నం, పొడుగు.
బడిలో మొదటిరోజు పిల్లలా
ఎవరినీ ఎరగనట్టు నిలబడింది.
నా కాలు ఇంకా పాత బరువుకే కాసుకుని ఉంది.
ఆగిన ప్రతిచోటా
లేని బరువుని ఆపబోయి తూలుతున్నాను,
ఇంకో మెట్టుందనుకుని
చీకట్లో అడుగేసినవాడిలా.

దాన్ని నాదిగా చేసుకోవాలి. అదీ ఈ వారంలోనే.
ఎత్తు హ్యాండిలు, ఎత్తు గాలిఅద్దం,
పొగమంచు దీపాలు రెండు,
పాత బండి మీంచి విప్పిన అల్యూమినియం పెట్టెలు
(అవి మాత్రం అమ్మలేదు).

నేలిదా కయూన్ మాతే పీలుస్తూ అంతా విన్నది.
ఎస్కెల్ ఊళ్లో ముప్పయ్యేళ్లుగా
గోళ్లలో గ్రీజు వదలని మనిషి.
"ఒకటి బిగించు. టేకా దాకా పోయిరా.
అప్పుడు రెండోది.
అన్నీ ఒక్కసారే మారిస్తే
తప్పు నీదా అని దేన్ని నిలదీస్తావు?"

విన్నాను. ఆదివారం దాకా.

ఆదివారం షెడ్డు తలుపేసుకుని
హ్యాండిలు నాలుగు వేళ్లు పైకి లేపాను.
బోల్టులు చేతి అంచనాకి బిగించాను.
నడుము నిటారైంది,
సోమవారం ఆమె గుమ్మం ముందు
దొరలా దిగాను.

ఆమె హ్యాండిలు వైపు చూసి ఊరుకుంది.
"ఇంజను ఆపకు. ఎడమకి తిప్పు. ఇంకా. చివరిదాకా."

తిప్పాను.
నా చెయ్యి తాకనే లేదు, ఎవరూ పిలవలేదు,
ఇంజను గొంతు పెంచి అరిచింది.
లోపల కేబులు చాల్లేక లాక్కుంటోంది.
బ్రేకు గొట్టం బిగిసి నిలబడింది.
ఆమె చూపుడువేలితో మీటింది.
సన్నగా మోగింది.
"ఇది మోగకూడని తీగ," అంది.

మలుపులో, గ్వానాకోలు అడ్డొచ్చిన క్షణంలో
ఇలా అరిచి ఉంటే అని
ఆమె అనలేదు.
అనకపోవడమే వినపడింది.

పొడుగు గొట్టం రావడానికి పదకొండు రోజులు.
టార్క్ రెంచి టక్కుమన్నాక
ప్రతి బోల్టు నెత్తిన పసుపుగీత గీసింది,
గీత తప్పితే బోల్టు కదిలినట్టు.
దీపాలకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు:
"తీగ కాలాలా, ఇది కాలాలా,
ముందే తేల్చుకో."
గాలిఅద్దం వెనక్కి పంపించేసింది,
అడ్డగాలికి అది తెరచాప అవుతుందట.
పాత పెట్టెలు నాలుక్కూరగాయల తొట్లు అయ్యాయి.

"నీ బరువెంత?"
చెప్పాను.
"స్ప్రింగుకి అబద్ధం చెల్లదు."
ఆరు కిలోలు కలిపి మళ్లీ చెప్పాను.

టేకా పెట్రోలు బంకులో ఉలీసెస్ కనిపించాడు.
నా పాతది. నల్లరంగు పూశాడు.
కొమ్ముల్లా పైకి లేచిన కొత్త హ్యాండిలు.
"బాగుందా, తాతా?"
బాగుంది. నిజంగానే బాగుంది.
సొట్ట కనపడకుండా పూడ్చాడు,
అక్కడ నా మోకాలు ఆనేది.

హెల్మెట్ తీసి పక్కన పెట్టాను,
చెవికి గాలి తగలకుండా అరచెయ్యి అడ్డంపెట్టి
అన్నాను:

స్టార్ట్ చెయ్యి, బాబూ.
ఎడమకి తిప్పు.
ఇంకా.